కోతులు పంచిన పొలం

చిలుకమ్మ నోరు తెరిస్తే ఖిలా వరంగల్ మట్టికోట ఈ కొస నుంచి ఆ కొసకు వినబడుతుంది. ఇది పొగడ్త కాదు, నా ఫిర్యాదు. మట్టెవాడలో నా కుట్టు షాపు తెరిచేది పొద్దెక్కిన తరువాతే. అయినా తెల్లవారకముందే లేస్తాను, ఎందుకంటే మా ఇంటి వెనకే తుమ్మలకుంట కట్ట, ఆ కట్ట మీద ఆమె. ఎవరినో ఒకరిని తిట్టనిదే ఆమెకు తెల్లవారదు. మనుషులు దొరకకపోతే కొంగల్ని తిడుతుంది. కొంగలు కూడా రాని రోజు నన్ను పిలుస్తుంది.

"ఓ వినోదా! లేస్తానవా లేదా? సూర్యుడు లేచి, మొకం కడుక్కొని, చాయ్ తాగి పనికి పోతాండు. నువ్వింక పండుకునుడేనా?"

వరుసకు నాకు అత్త అవుతుంది కాబట్టి తిరిగి తిట్టడానికి లేదు. గొణుక్కుంటూ లేస్తాను.

ఆమె మా కుంటకు నీరటి. తూము తెరవడం, మూయడం, కాలువ బాగుచేయడం, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూడటం నీరటి పని. కుంట కింద ఏడెనిమిది ఇళ్ల వాళ్లకు పొలాలున్నాయి, నాకూ ఒక చిన్న మడి ఉంది. మామూలుగా ఈ పని మగవాళ్లది. చిలుకమ్మకు దాన్ని ఎవరూ ఇవ్వలేదు. లాక్కుంది.

ముందు ఆమె భర్త రాజమల్లు మామ నీరటిగా ఉండేవాడు. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. మిగిలిన మాటలన్నీ ఈమె వంతు. ఆయన పోయాక పెద్దమనుషులు పారను కట్టయ్య తాత చేతిలో పెట్టారు. కట్టయ్య తాత తూము తెరిచి, తుమ్మచెట్టు నీడలో నడుం వాల్చి, హాయిగా గురక పెట్టాడు. నీళ్లు మడులు దాటి, బాట దాటి, కోట దారిలోకి వచ్చాయి. తోరణాలు చూడటానికొచ్చిన టూరిస్టులు చెప్పులు చేతబట్టుకుని, ప్యాంట్లు ఎగ్గట్టుకుని నడిచారు. అది కూడా కాకతీయుల ఏర్పాటే అనుకున్నారో ఏమో, ఒకాయన ఫొటోలు కూడా తీసుకున్నాడు. చిలుకమ్మ వచ్చి తాత తల కింద నుంచి పార లాగి, "నువ్వు పండుకో మామా, నేను జూసుకుంట" అంది. అంతే. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆమె పుట్టింది పాలంపేటలో, రామప్ప చెరువు కింద. ఆ సంగతిని మమ్మల్ని ఒక్క పూటైనా మరిచిపోనివ్వదు. "మా రామప్ప చెరువు ముంగట మీ కుంటెంత? చెంబెడు నీళ్లు" అంటుంది. ఆ చెంబెడు నీళ్లలో ఎవరైనా చిప్సు కవరు పడేస్తే మాత్రం కోట గుమ్మం దాకా తరుముతుంది.

నోరు అంత పెద్దది గానీ, రెండేళ్ల కిందట యాసంగిలో, అంటే ఎండాకాలం పంటకు, ఆ నోరే మూతబడింది. వానలు సరిగ్గా పడలేదు, కుంట సగమే నిండింది. ఆమె వద్దని మొత్తుకున్నా ఎవరికి వారు ఉన్న పొలమంతా నాట్లు వేశారు. ఎండలు ముదిరేసరికి కుంట అడుగు కనబడింది. ఒకరి ఒడ్డు ఒకరు తెంపుకున్నారు, ఒకరి నీళ్లు ఒకరు మలుపుకున్నారు, చివరికి పాలుపోసుకునే దశలో వరి మొత్తం ఎండి గొడ్ల పాలైంది. ఆ నెలంతా కట్ట మీద అరుపు లేదు. నేను పొద్దెక్కేదాకా పడుకున్నాను. ఒట్టేసి చెబుతున్నాను, ఆ నిద్ర నాకు ఒక్క రోజు కూడా పట్టలేదు.

మళ్లీ యాసంగి వచ్చింది, మళ్లీ కుంట సగమే ఉంది. కట్ట మీద కట్టమైసమ్మ గుడి దగ్గర అందరం కూర్చున్నాం. అందరికంటే ముందు రామలింగం లేచాడు.

రామలింగం ఆటో నడుపుతాడు. కుంట కింద అందరికంటే ఎక్కువ పొలం అతనిదే. ఎప్పుడో ఎవరి కేసులోనో హనుమకొండ కోర్టుకు సాక్షిగా వెళ్లొచ్చాడు, అప్పటినుంచి మనిషి మనిషిలా లేడు. పెళ్లిలో పప్పు చల్లారిందన్నా "పాయింట్ ఏంది?" అని అడుగుతాడు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, పదిమందీ ఔనన్నదాన్ని కాదనకపోతే అతనికి తిన్నది అరగదు.

"పాయింట్ ఏందంటే," అన్నాడు, "ఉమ్మడి గొర్రె పుచ్చి సచ్చిందట. గీ కుంట అందరిది, అందుకే ఎవ్వరిది కాకుంటయింది. నేను బోరు బండితోని మాట్లాడిన. నా మడిల నేను బోరేసుకుంట. మీ లొల్లి మీరు వడుండ్రి."

అందరి ముఖాలూ వాడిపోయాయి. ఒక్క బోరు లోతుకు దిగిందంటే చుట్టుపక్కల చేదబావులు ఎండుతాయి. అవి ఎండితే పక్కవాడూ బోరు వేస్తాడు, వాడి పక్కవాడు ఇంకా లోతుకు వేస్తాడు. ఆ తరువాత కుంట మొహం చూసేవాడు ఉండడు, కుంట ప్లాట్లవుతుంది. ఇది అక్కడున్న అందరికీ తెలుసు, రామలింగానికి కూడా.

చిలుకమ్మ లేచింది. "తైబందీ చేద్దాం" అంది.

ముసలివాళ్లకు తెలిసిన మాట అది, మేం విని చాలా ఏళ్లయింది. కుంటలో ఎన్ని నీళ్లున్నాయో చూసి, ఆ నీళ్లకు సరిపడా పొలమే సాగు చేయాలని అందరూ కలిసి కట్టుబడటం తైబందీ. తూముకు దగ్గరి పొలాలు మాత్రమే నాటాలి, దూరపువి బీడు పెట్టాలి. అయితే దూరం పొలం వాడి నోట్లో మన్ను కొట్టకూడదు కాబట్టి, ఆ దగ్గరి పొలాన్నే ఇంటికొక పట్టీ చొప్పున పంచాలి. ఆ యాసంగికి పట్టా ఎవరిదైనా సరే, పంట అందరిదీ.

తూముకు దగ్గరి పొలాలు రెండే. ఒకటి రామలింగానిది. ఇంకొకటి చిలుకమ్మదే.

"నా మడిల కట్టయ్య కాక నాటుడేంది?" అని రామలింగం ఎగిరాడు. "రేపు ఎవ్వని పట్టీ ఎండినా ఎవ్వడు జిమ్మేదారి?"

చిలుకమ్మ పార తీసుకెళ్లి కట్టమైసమ్మ ముందు నిలబెట్టింది. "ఇగో, తల్లి సాక్షి. ఈ యాసంగిల ఎవ్వరి పట్టీ ఎండినా సరే, ఈ పార గీడనే పెట్టి కట్ట దిగిపోత. మల్ల కుంట దిక్కు సూడ. గప్పుడు నువ్వు బోరేసుకో, నేనే వచ్చి కొబ్బరికాయ కొడత. అంతదాక నీ బోరు బండి కోట లోపల్కి రావద్దు."

"సాక్షులున్నరా?"

"నీ కండ్లు కనిపిస్తలేవా? ఊరంత ఉన్నది!"

రామలింగం ఒప్పుకున్నాడు. అతని భార్య నిర్మల ఒప్పుకునేలా చూసింది అనడం సరైనది; ఆమె మోచెయ్యి అతని డొక్కలో దిగడం నేను చూశాను.

ఇక పనులు మొదలయ్యాయి. మధ్యలో ఒడ్లు తీసేసి, ట్రాక్టరుతో దున్నించి, రెండు పొలాలనూ ఒకే మడిగా చదును చేశాం. చీటీలు వేసి పట్టీలు పంచుకున్నాం. చీటీలో ఉన్న నంబరు చదవడం, పారేయడం; అందరం కళ్లారా చూశాం కదా, దాచుకోవడం దేనికి? ఎవరి పట్టీ దగ్గర వాళ్లు కర్ర పాతి, దానికి తమ ఇంటి బట్ట కట్టాలి అనుకున్నాం. ఆ జెండాలు కుట్టింది నేనే. కట్టయ్య తాతది చుక్కల లుంగీ ముక్క. రామలింగానిది పాత ఖాకీ చొక్కా. ఇమ్మానుయేలన్న భార్య దీనమ్మక్క క్రిస్మసుకు కట్టిన ఎర్ర పరదా ఇచ్చింది. నాది జాకెట్టు లైనింగు. చిలుకమ్మ రాజమల్లు మామ తువ్వాల తెచ్చింది. అంచులు మడిచి కుడుతుంటే "సన్నగ కుట్టు బిడ్డా, ఆయనకు మోటు పని నచ్చది" అంది. ఆ తువ్వాల నేను చాలా జాగ్రత్తగా కుట్టాను.

నాట్లు వేసే రోజు పొద్దున, నారు కట్టలు ఒడ్డు మీదికి చేరాయి. అప్పుడు చిలుకమ్మకు భక్తి పుట్టింది. ప్రతి జెండా మొదట్లోనూ ఒక కొబ్బరి చిప్ప, ఒక బెల్లం ముద్ద పెట్టాలంది. కట్టమైసమ్మకు నైవేద్యం పెట్టకుండా నాటు వేయడం మా ఇంటా వంటా లేదు, నిజమే. కానీ అక్కడ ఇంకొక సంగతి ఉంది. కోటలో మనుషులకంటే కోతులెక్కువ.

"అత్తా, కోతులు?" అన్నాను.

"అవి హనుమంతుని పిల్లలే. అమ్మవారి బువ్వ ముడితె పాపమని వాటికి ఎర్క లేదా?"

దీనమ్మక్క తన జెండా దగ్గర కొబ్బరి పెట్టలేదు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తరువాత అందరం సద్ది తినడానికి కట్ట ఎక్కి, మైసమ్మ వెనక నీడలో కూర్చున్నాం. పచ్చిపులుసు పోసుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, కింద పెళ్లి జరుగుతున్నంత గోల వినబడింది.

కోతికి కొబ్బరి చిప్ప దొరికినట్టు అంటారు కదా. మడి నిండా కోతులు, ప్రతి కోతి చేతిలో ఒక చిప్ప. చిప్పలు తీసుకుని ఊరుకున్నా బాగుండేది. జెండాలు కూడా పీకాయి. ఒక ముసలి కోతి చుక్కల లుంగీని భుజాన వేసుకుని అచ్చం కట్టయ్య తాతలాగే నడిచింది. ఒక పిల్లకోతి ఖాకీ చొక్కా చేతుల్లో దూరి బయటికి రాలేక కిచకిచలాడింది. దీనమ్మక్క జెండా దగ్గర తినడానికేమీ దొరకలేదని ఒక మగకోతికి ఎంత కోపమొచ్చిందంటే, ఆ ఎర్ర పరదాను నాలుగు పీలికలు చేసి, కర్రను కాలవలో పడేసి మరీ పోయింది.

మేం అరుచుకుంటూ కట్ట దిగేసరికి అన్నీ కోట వైపు లంఘించాయి. వెంటపడ్డాం. తోరణాల దగ్గర టూరిస్టులు ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. కాకతీయుల రాతి తోరణం మీద, హంసల పక్కన, రాజమల్లు మామ తువ్వాలను మెడకు చుట్టుకుని ఒక కోతి దర్జాగా కూర్చుంది.

చిలుకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది. "ఓ సచ్చినోడా! అది మా ఆయన తువ్వాల!" అని అరిచింది. కోతి ఆమెను చూసి పళ్లికిలించింది. చిలుకమ్మ కాసేపు దాన్నే చూసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తరువాత ఉన్నట్టుండి పక్కనున్న నా భుజం విరిగేలా చరిచి నవ్వడం మొదలుపెట్టింది. "సూడే, సూడే! ఆయన గూడ అట్లనే కూసునేటోడు. ఏమన్నా ఉలకడు, పలకడు!"

నవ్వు మడి దగ్గరికి వచ్చేదాకే. అక్కడ బురదలో కర్రల గుర్తులు లేవు, గుంటలు కూడా పూడిపోయాయి. అంతా ఒకటే మడి.

"నా పట్టీ తూము పక్కది. ఒకటో నంబరు" అన్నాడు రామలింగం.

"ఒకటో నంబరు నాది" అన్నాడు కట్టయ్య తాత.

"దేవుని తోడు, మాది గూడ ఒకటే" అన్నాడు ఇమ్మానుయేలన్న. దీనమ్మక్క "తోడు ఎందుకు పిలుస్తవయ్యా ఆయన్ని?" అని గదిమింది. నా గుర్తు కూడా ఆ పూట కాస్త తూము వైపు జరిగింది, ఆ సంగతి వదిలేయండి. అవతలి మూలన చౌడు నేల ఉంది, అక్కడ వరి సరిగ్గా రాదు. ఆ మూల పట్టీ మాత్రం ఎవరికీ వచ్చినట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు.

గొడవ ముదిరింది. ఎండ కూడా ముదిరింది, పీకిన నారు ఒడ్డు మీద వడిలిపోతోంది. రామలింగం ఫోన్ తీశాడు. "అయిపాయె. తైబందీ లేదు, గియ్యిబందీ లేదు. కోతులు జేసిన పనికి నేను బాధ్యుణ్ని గాను. బోరు బండిని రమ్మంటాన."

చిలుకమ్మ ముఖం నల్లబడింది. కొబ్బరి చిప్పలు పెట్టించింది తానేనని ఆమెకు తెలుసు, ఎవరూ అనకపోయినా. చీర ఎగ్గట్టింది, తన నారు కట్టలన్నీ చంకన పెట్టుకుని నేరుగా చౌడు మూలకు నడిచింది. అక్కడ వంగి నాటడం మొదలుపెట్టింది. మూల అయిపోయాక ఆగలేదు. పట్టీ లేదు, హద్దు లేదు, వెనక్కి వెనక్కి జరుగుతూ ఎదురైనంత మేరా నాటుకుంటూ వచ్చింది.

"ఏం జేస్తానవ్ అత్తా?" అని నేను కేకేశాను.

"నాటేస్తాన. కనిపిస్తలేదా?"

"ఎవరి దాంట్ల?"

"కోతుల దాంట్ల! అవ్వే పంచినయ్, వాటినే అడుక్కోండ్రి. అందరం నాటుదాం, అందరం కోద్దాం, కుప్ప కాడ ఇంటికింత పంచుకుందాం. ఇష్టముంటే దిగుండ్రి, లేకుంటే నోరు మూసుకొని పోండ్రి!"

దీనమ్మక్క మొదట దిగింది. ఆమె వెనక నేను. కట్టయ్య తాత లుంగీ పోయిన దుఃఖంలో ఉన్నాడు గానీ, అతనూ నారు కట్టలు విసరడం మొదలుపెట్టాడు. రామలింగం ఒడ్డు మీద నిలబడి ఫోన్లో "హలో, హలో" అంటుండగా, నిర్మల అతని నారు కట్టలన్నీ ఎత్తుకుని వచ్చి, మా అందరి మధ్యలో ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ నాటేసింది.

"ఏయ్ నిర్మలా! మన నారు!"

"మన నారే. మన మడే. ఆ ఫోను జేబుల వెట్టి దిగు."

అతను దిగాడు. దిగడం అంటే, ఒడ్డు జారి వెల్లకిలా పడ్డాడు. బురదలోంచి లేచి "ఇది యాక్సిడెంట్, ఒప్పుకున్నట్టు గాదు" అన్నాడు. దీనమ్మక్కకు నవ్వాగక చేతిలోని నారు అతని మీదికి విసిరింది. ఇంకేముంది, చిన్నా పెద్దా లేకుండా బురద లేచింది. నాట్ల పాటలు, కీర్తనలు కలిసిపోయాయి. దీనమ్మక్క హల్లెలూయా అంటే కట్టయ్య తాత ఉయ్యాలో అని అందుకున్నాడు. తోరణాల దగ్గరి టూరిస్టులు కొందరు ఇటు వచ్చి ప్యాంట్లు మడుచుకుని దిగారు. వాళ్లు నాటిన వరసలు ఎంత వంకరగా వచ్చాయంటే, చిలుకమ్మ చూసి "పాములు పాకినయా ఏంది?" అని నోరు నొక్కుకుంది. పొద్దు వాలేసరికి మడి మొత్తం పచ్చబడింది. నా జీవితంలో అంత నవ్విన రోజు లేదు, పెళ్లి రోజు కూడా కలుపుకుని.

తరువాత వారాలు గడిచాయి, ఎండలు ఎక్కాయి, కుంట తగ్గింది. ఒక సాయంత్రం షాపు మూసి కట్ట మీదుగా ఇంటికొస్తున్నాను. తుమ్మచెట్టు వెనక చిలుకమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. ఆమె నోరు మూయమని సైగ చేయడం అదే మొదటిసారి, నాకు భయమేసింది.

కింద మడి ఒడ్డు మీద రామలింగం. చేతిలో పార. అంతకు ముందేడు ఇదే వేళకు ఇదే పారతో ఎన్ని ఒడ్లు తెంపాడో మాకు తెలుసు. కాలవ దగ్గరికి వచ్చి పార ఎత్తాడు. ఆగాడు. రెండడుగులు పక్కకు వేసి మళ్లీ ఎత్తాడు. మళ్లీ ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. తన నారు ఎక్కడుందో అతనికి తెలియదు, ఎటు మలిపినా అందరికీ పారేదే.

"ఏం రామలింగం," అని చిలుకమ్మ చెట్టు వెనక నుంచే అడిగింది, "పాయింట్ దొర్కుతలేదా?"

అతను ఉలిక్కిపడి పార వదిలేశాడు. "నీళ్లు జూసి పోదామని వచ్చిన అత్తా."

"పారతోటి సూస్తరా?"

రామలింగం కాసేపు తల గోక్కున్నాడు. తరువాత ఒడ్డు మీద చతికిలబడి, తనను చూసి తానే నవ్వడం మొదలుపెట్టాడు. "దొంగతనం జేద్దామన్నా జాగ లేకుంట జేసినయ్ గదనే కోతులు!" చిలుకమ్మ దిగి వెళ్లి అతని పక్కన కూర్చుంది. ఇద్దరూ ఆ పూట కాలవలో గడ్డి తీశారు. ఆ యాసంగిలో ఎవరి ఒడ్డూ తెగలేదు. నీళ్లకోసం తిట్టుకోవడానికి కారణం లేక మా వాడలో కొందరు పాత పెళ్లిళ్ల గొడవలు తవ్వుకోవాల్సి వచ్చింది.

అయినా ఎండ ఎండే. వరి పాలుపోసుకుని గట్టిపడే వేళకు కుంటలో నీళ్లు తూము అంచుకు దిగిపోయాయి. చిలుకమ్మ రోజంతా కాలవ వెంబడే ఉండేది, ఒక్క గిద్దెడు నీళ్లు కూడా వృథా పోనిచ్చేది కాదు. చౌడు మూలకు మాత్రం చేరలేదు.

ఒక పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి ఎండ మంచం మీద ఉంది. అరుపు లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా కట్ట మీదికి పరుగెత్తాను.

చౌడు మూలన పెళ్లిపందిరంత మేర వరి ఎండిపోయి ఉంది. మిగిలిన మడంతా బంగారు రంగు తిరిగింది, ఆ మూల తప్ప. చిలుకమ్మ పారను కడిగి, పసుపు రాసి, కట్టమైసమ్మ ముందు నిలబెట్టింది. పక్కన చేతిసంచి. అందులో రెండు చీరలు.

"యాడికత్తా?"

"పాలంపేటకు. మా రామప్ప చెరువు కాడికి. గక్కడ నీళ్లకు కరువు లేదు." గొంతు మాత్రం చెంబులో మాట్లాడినట్టు వినబడింది.

అందరూ పోగయ్యారు. ఎవరూ ఉండమనలేకపోయారు. తల్లి ముందు పెట్టిన ఒట్టు ఒట్టే. దీనమ్మక్క ముక్కు చీదుకుంటూ "మా దేవుడైతే క్షమిస్తడు వదినే. మీ మైసమ్మను జర అడుగరాదు?" అంది.

"అడిగిన. ఏమంటలేదు."

అప్పుడు ఆటో వచ్చి ఆగింది. రామలింగం దిగాడు. మాకందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. ఎండిన మూలను చూశాడు, పారను చూశాడు, సంచిని చూశాడు.

"పాయింట్ ఏంది?" అన్నాడు.

"నువ్వే గెలిచినవ్" అంది చిలుకమ్మ. "బోరేసుకో. కొబ్బరికాయ కొట్టి పోత."

"గెలుసుడు ఓడుడు తర్వాత. నీ ఒట్టు మల్ల ఒక్కసారి జెప్పు. అచ్చరం పోకుంట జెప్పు."

"ఎవ్వరి పట్టీ ఎండినా పార పెట్టి పోత అన్న. ఎండింది. పోతాన."

"ఆగాగు. ఎండింది ఎవ్వరి పట్టీ?"

చిలుకమ్మ ఎండిన మూల వైపు తిరిగి చూసింది.

రామలింగం కోర్టులో చూసినట్టే చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచాడు. "కట్టయ్య కాకా, ఆ మూల నీదా?"

"నాకేమెరుక బిడ్డా?"

"దీనమ్మక్కా, నీదా?"

"ఏమో నాయినా, దేవునికే ఎర్క."

"వినోదా, నీదా? నిర్మలా, మనదా?" మేం ఇద్దరం తలలూపాం, అడ్డంగా.

"ఆ మూల పట్టా నాది!" అని చిలుకమ్మ అరిచింది. "ముందుగాల నాటింది గూడ నేనే!"

"పట్టా నీదే. పంట నీదెట్లయితది? తైబందీ అయినంక పట్టా ఎవ్వరిదైనా పంట అందరిది, గీడనే కూసోని నువ్వే జెప్పినవ్. నాటుడంటే, ఆ దిక్కు పట్నం పిల్లలు గూడ నాటిండ్రు. వాళ్లదంటవా?" ఆగి, కట్టమైసమ్మ వైపు తిరిగి, చాలా మర్యాదగా చెప్పాడు. "తల్లీ, పేరు లేని కేసు నిలవడది. కొట్టేయాలె."

కట్టయ్య తాత మెల్లగా "కొట్టేసినట్టే" అన్నాడు. చిలుకమ్మ పైట కొంగు పైకెత్తింది. ఏడుస్తుందనుకున్నాను. ఆ కొంగుతోనే రామలింగం వీపు మీద ఫటీమని ఒకటిచ్చింది.

"నీయవ్వ! ఇన్నేండ్లకు నీ పాయింట్ ఒక్కటి పనికొచ్చింది కదరా!"

నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ పార తీసుకుంది. "మరి నీ బోరు బండి?" అని అడిగింది.

"దానికి ఎప్పుడో వద్దని జెప్పిన. కాలవ కాడ నువ్వు నన్ను వట్టుకున్న దినమే."

ఆ సంచి నేను మోసుకొచ్చి ఇంట్లో పెట్టాను. మరునాడు తెల్లవారకముందే "ఓ వినోదా!" అని కట్ట దద్దరిల్లింది. దిండు చెవుల మీద పెట్టుకుని, ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ యాసంగి ధాన్యం కుప్ప పోసి, ఇంటికింత పంచుకున్నాం. ఎక్కువ కాదు, కానీ గింజ గట్టిది.

ఈ ఏడు కూడా కుంట సగమే నిండింది. తైబందీకి ఎవరూ కాదనలేదు. చీటీలు వేద్దామా అంటే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి రామలింగమే గొంతు సవరించుకుని, "పోయినసారి ఎట్ల జేసినమో అట్లనే జెయ్యాలె. తేడా వస్తే పాయింట్ దెబ్బతింటది" అన్నాడు. అందుకే నేను మళ్లీ జెండాలు కుట్టాను. ఈసారి సన్నగా కుట్టాల్సిన తువ్వాల లేదు. చిలుకమ్మ తన పాత చీర చెంగు ఇచ్చింది.

ఈ పొద్దున జెండాలు పాతాం. ప్రతి జెండా కింద కొబ్బరి చిప్ప పెట్టాం. దీనమ్మక్క కూడా ఈసారి ఒకటి పెట్టింది, "మైసమ్మకు గాదు, కోతికి" అని గట్టిగా చెప్పి మరీ. నారు కట్టలు సిద్ధంగా ఉన్నాయి. అందరం కట్టెక్కి మైసమ్మ వెనక నక్కి కూర్చున్నాం. ఎంతసేపైనా ఒక్క కోతీ రాలేదు. కట్టయ్య తాత కునుకు తీశాడు. రామలింగం లేచి లేచి చూశాడు. "నారు వాడిపోతాందత్తా," అన్నాడు దిగులుగా, "రాకపోతే ఎట్లనే?"

చిలుకమ్మ లేచి నిలబడింది. కోట వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఉన్న గొంతంతా తెరిచింది.

"ఓ! లేస్తాన్రా లేదా? పొలం పంచేది లేదా? ఇంక పండుకునుడేనా?"

తోరణం మీద ఒక తల కదిలింది.